కాళ్ళకూ మెదడుకూ గల చుట్టరికం

భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒడంబడిక ఫలితంగా దుర్గ్ జిల్లా పల్లెల నడుమ వెలసిన ఆ ఉక్కు కర్మాగారం వెంట సెక్టర్లు సెక్టర్లుగా ఒక పట్టణం పెరిగింది. అప్పుడది మధ్యప్రదేశ్; 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్. ఆ పట్టణంలో ఒక భాగమైన రిసాలికి 2019లో ప్రత్యేకంగా నగరపాలక సంస్థ ఏర్పడింది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా వచ్చే రైలెక్కి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉద్యోగాల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ మూడవ తరానికి చేరుకున్నాయి. ఇంట్లో తెలుగు, కర్మాగారంలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ. శ్రీకాకుళంవారి చద్దన్నానికి ఇక్కడివారు పెట్టుకున్న పేరు బోరే బాసీ. వేసవిలో ఆ రెండింటిలో ఏది చలువ అనే వివాదం మాత్రం ఇరుగుపొరుగుల మధ్య ఇంకా తేలలేదు.

ఉక్కు పట్టణంలో పొద్దును సూర్యుడు కాక షిఫ్టు నిర్ణయిస్తుంది. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఒకప్పుడు ఆ వేళలకు రోడ్లన్నీ సైకిళ్ళతో నిండిపోయేవి. హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్, తలమీద హెల్మెట్, వెనుక క్యారియర్ మీద మడతపెట్టిన తువాలు. క్వార్టర్ నుంచి కర్మాగారపు గేటు దాకా, గేటు నుంచి షాపు దాకా తొక్కడమూ, తిరిగి రావడమూ. దాన్ని ఎవరూ వ్యాయామం అనుకోలేదు. అది కేవలం ఉద్యోగానికి వెళ్ళడం. తరువాత స్కూటర్లు వచ్చాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి, ఆ వెనుక పదవీ విరమణ వచ్చింది. ముప్ఫై, నలభై ఏళ్ళపాటు శరీరం తనకు తెలియకుండానే చేసిన పని ఒక్క నెలాఖరుతో ఆగిపోయింది. దండలు వేసి, శాలువా కప్పి పంపించే సభలో ఆ విషయం ఎవరూ ప్రస్తావించరు.

ఈ ఆగిపోవడానికి మూల్యం ఏమిటన్నది చాలాకాలం గుండెకు సంబంధించిన ప్రశ్నగానే ఉండేది. 1953లో జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే రకపు జీవితం గడిపేవారు. కాని డ్రైవరు రోజంతా కూర్చునేవాడు, కండక్టరు రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగేవాడు. గుండెజబ్బు డ్రైవర్లలో గణనీయంగా ఎక్కువగా కనిపించింది. కూర్చోవడం కూడా ఒక జబ్బుకు కారణం కావచ్చుననే ఊహకు అది ఆధారమైంది. కాళ్ళు ఆగితే తలకు ఏమవుతుందని శాస్త్రజ్ఞులు గట్టిగా అడగడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

రిసాలిలో నివసించే ఒక విశ్రాంత ఉద్యోగి విషయంలో ఆ ప్రశ్నను మొదట అడిగినవారు శాస్త్రజ్ఞులు కారు, ఆయన భార్య. స్టీల్ మెల్టింగ్ షాపులో ఓవర్‌హెడ్ క్రేను నడిపి రిటైరైన ఆయనకు డెబ్బై దాటాయి. క్రేను ఆపరేటరు పని చూసినవారికి తెలుస్తుంది, అది చేతులతో చేసే పని కాదని. ఎత్తున క్యాబిన్‌లో కూర్చుని, కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ చేతి సైగను ఒక కంట, కొక్కేనికి వేలాడే బరువును మరో కంట కనిపెట్టాలి. మొదలుపెట్టిన కదలికను సైగ మారగానే సగంలో ఆపగలగాలి. తొందరపడి చేయబోయిన పనిని చేయకుండా ఉండటమే ఆ ఉద్యోగంలో సగం నైపుణ్యం. ఆయన చేతిమీదుగా ఒక్క ప్రమాదమూ జరగలేదు.

అటువంటి మనిషి ఒకే నెల కరెంటు బిల్లు రెండుసార్లు కట్టి వచ్చారు. మందులు, పాలు, గ్యాసు బుకింగు అని మూడు పనులు చెప్పి పంపితే ఒకటి చేసి, మిగిలిన రెండూ కూడా చేసినట్లే తృప్తిగా తిరిగి వచ్చేవారు. పేర్లూ, ముఖాలూ, 1980 నాటి ఫోర్‌మన్ తిట్టిన తిట్లూ అన్నీ జ్ఞాపకమే. తప్పిపోతున్నది వరుస. ఆమె దీన్ని ఎవరికీ చెప్పకుండా గోడ క్యాలెండరులో తేదీల పక్కన చిన్న చిన్న గుర్తులు పెట్టుకుంటూ వచ్చింది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పుణేలో ఉన్న కొడుకు వెంటనే వచ్చి, ఇల్లు తాళం వేయించి, ఇద్దరినీ తనతో తీసుకుపోతాడు. అది ప్రేమే. కాని నలభై అయిదేళ్ళుగా తెలిసిన వీధీ, పిలిస్తే పలికే పొరుగూ, సెక్టర్ 5 బాలాజీ గుడీ, సంతలో పేరుపెట్టి పిలిచే కూరగాయల ఆమే లేని మూడవ అంతస్తు ఫ్లాటులో ఆయన గతి ఏమిటి, తన గతి ఏమిటి అన్నది ఆమె భయం.

ఆమె గమనించిన మరొక సంగతి ఉంది. రోడ్డు మీద నడుస్తూండగా ఏదైనా అడిగితే ఆయన ఆగి నిలబడి జవాబు చెప్పేవారు. పూర్వం అలా కాదు. వయసు మీరినవారిలో ఈ అలవాటుకు ఒక అర్థం ఉందని స్వీడన్ పరిశోధకులు 1997లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. నడుస్తూ మాట్లాడలేక ఆగిపోయే వృద్ధులు ఆ తరువాతి నెలల్లో పడిపోయే అవకాశం హెచ్చు. కారణం ఊహించదగినదే. నడక తనంతట తాను సాగినంతకాలం మెదడు మాటకు ఖాళీగా ఉంటుంది. నడకే శ్రద్ధను కోరేటప్పుడు రెండు పనులకు ఒక్క యజమాని చాలడు.

ఆ యజమానికి ఇంగ్లీషులో ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అని పేరు. తెలుగులో ఇంకా స్థిరపడిన మాట లేదు. కార్యనిర్వాహక విధులు అంటే తహశీల్దారు కార్యాలయం గుర్తుకు వస్తుంది. నిర్వహణ శక్తి అంటే కొంత నయం. ఏ పని ముందు, ఏది వెనుక అని ఏర్పరచుకోవడం. చేస్తున్న పనిని వదిలి మరొకదానికి మారగలగడం. నోటిదాకా వచ్చిన మాటను, చేతిదాకా వచ్చిన పనిని ఆపుకోగలగడం. నాలుగు విషయాలను కాసేపు మనసులో నిలుపుకొని వాటితో పని చేయడం. జ్ఞాపకశక్తి వేరు, ఇది వేరు. ఇంటి సామాన్లన్నీ భద్రంగా ఉండి ఇల్లు నడిపే మనిషి లేకపోవడం ఎలా ఉంటుందో, జ్ఞాపకాలుండి ఈ శక్తి సన్నగిల్లడం అలా ఉంటుంది.

నుదుటి వెనుక భాగపు మెదడుకు దీనిలో ప్రధాన పాత్ర ఉన్నదనడానికి తొలి ఆధారాలలో ఒకటి రైలుమార్గం మీద దొరికింది. రైలుపట్టాలు తయారుచేసే భిలాయిలో ఈ కథకు ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. 1848లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఫినియస్ గేజ్ అనే రైల్వే ఫోర్‌మన్, బండలు పేల్చడానికి మందు కూరుతుండగా అది పేలి, మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ దవడ కింద నుంచి నడినెత్తి గుండా దూసుకుపోయింది. మనిషి బ్రతికాడు. మాట, జ్ఞాపకం, బలం అన్నీ మిగిలాయి. కాని వేసిన పథకాన్ని నిలుపుకోలేని, కోరికను ఆపుకోలేని మరో మనిషిగా మారాడని వైద్యుడు వ్రాశాడు. చాలామంది కథను ఇక్కడితో ఆపుతారు. కాని గేజ్ ఆ తరువాత చిలీ దేశం వెళ్ళి కొన్ని సంవత్సరాలు గుర్రపు బండి తోలాడు. గుర్రాల పోషణ, వేళకు బయలుదేరడం, కొత్త ప్రయాణికులు, కొండదారులు. ప్రతిరోజూ ఒకే క్రమంలో సాగే ఆ శరీరశ్రమ ఆయనను మళ్ళీ కొంతవరకు నిలబెట్టి ఉండవచ్చునని నేటి చరిత్రకారులలో కొందరి అభిప్రాయం. ఒక్క మనిషి కథ నుంచి సిద్ధాంతం పుట్టదు, నిజమే. అయినా కడ్డీ ముక్క చెప్పి బండి ముక్క వదిలేయడం న్యాయం కాదు.

వ్యాయామానికీ ఈ శక్తికీ గల సంబంధాన్ని కొలవడం 1970లలో మొదలైంది. 1975లో వనీన్ స్పిర్డూసో అనే అమెరికన్ పరిశోధకురాలు, ఏళ్ళ తరబడి రాకెట్ ఆటలు ఆడుతూ వచ్చిన వృద్ధులను, కదలని వృద్ధులతోనూ యువకులతోనూ పోల్చింది. సంకేతం కనిపించగానే చేయి కదిపే వేగంలో ఆటగాళ్ళైన వృద్ధులు తమ తోటివారిని వెనుకకు నెట్టి, కదలని యువకుల సరసన నిలిచారు. అయితే ఇక్కడొక చిక్కుంది. ఆడినందువల్ల చురుకుగా ఉన్నారా, పుట్టుకతో చురుకైనవారు గనుక ఆడుతూ వచ్చారా?

ఆ చిక్కు విప్పడానికి కదలనివారిని కదిలించి చూడాలి. ఆర్థర్ క్రేమర్ బృందం 1999లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన అలాంటిది. 60 నుంచి 75 ఏళ్ళ వయసు గల, వ్యాయామపు అలవాటు లేని 124 మందిని రెండు భాగాలు చేసి, ఆరు నెలలపాటు ఒకరిచేత నడక, మరొకరిచేత ఒళ్ళు సాగదీసే తేలిక కసరత్తులు చేయించారు. నడిచినవారు అన్నిటా మెరుగు కాలేదు. ఒక పని నుంచి మరొకదానికి మారడం, పక్కదారి పట్టించే వాటిని లెక్కచేయకపోవడం, మొదలుపెట్టిన చర్యను ఆపుకోవడం, వీటిలోనే మెరుగయ్యారు. క్రేను క్యాబిన్‌లో కావలసిన గుణాలు సరిగ్గా ఇవే.

2011లో కర్క్ ఎరిక్సన్ తదితరులు 120 మంది వృద్ధులను ఏడాదిపాటు గమనించారు. వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల నడకకు చేరుకున్నవారి మెదడులో హిప్పోకాంపస్ అనే జ్ఞాపక కేంద్రం పరిమాణం 2 శాతం పెరిగింది. సాగదీతలు మాత్రమే చేసినవారిలో అది సుమారు 1.4 శాతం తగ్గింది. ఎలా జరుగుతుందనేదానికి కొంత సమాధానం ఎలుకల నుంచి వచ్చింది. 1999లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో చక్రం మీద పరిగెత్తిన చుంచెలుకల మెదళ్ళలో కొత్త నాడీకణాలు ఎక్కువగా కనిపించాయి. శ్రమించే శరీరంలో బి.డి.ఎన్.ఎఫ్. అనే పోషక ప్రోటీను పెరుగుతుంది. అది నాడీకణాలకు ఎరువు వంటిది. రక్తపోటు, చక్కెర అదుపులో ఉండి సన్నని రక్తనాళాలు పాడవకపోవడం మరో దారి. బహుశా ఇదే పెద్ద దారి కావచ్చు.

ఇంతవరకు చదివి వెంటనే లేచి బూట్లు వేసుకోబోయే పాఠకులు కాస్త ఆగాలి. అనంతర పరిశోధనలు అంత ఉత్సాహకరంగా లేవు. 2015లో వెలువడిన లైఫ్ అనే పరిశోధనలో 70 నుంచి 89 ఏళ్ళ 1,635 మంది రెండేళ్ళు పాల్గొన్నారు. వ్యాయామం చేసినవారికీ, కేవలం ఆరోగ్య పాఠాలు విన్నవారికీ మొత్తంమీద బుద్ధిశక్తిలో తేడా కనిపించలేదు. 80 దాటినవారిలో, మొదట్లో శరీర పటుత్వం బాగా తగ్గి ఉన్నవారిలో మాత్రం నిర్వహణ శక్తి కొంత మెరుగుపడింది. 2018లో వెలువడిన ఇంగ్లండు పరిశోధనలో మతిమరుపు జబ్బు స్వల్పంగానో, ఒక మోస్తరుగానో ఉన్న 494 మందిని తీసుకుని గట్టి కసరత్తు ప్రభావాన్ని పరీక్షించి చూశారు. ఒళ్ళు బాగుపడింది, జబ్బు నెమ్మదించలేదు. 2023లో 109 ప్రయోగాలను కలిపి పరిశీలించిన స్పెయిన్ పండితులు, ఆరోగ్యవంతుల బుద్ధిశక్తికి వ్యాయామం చేసే మేలు ఇంతకాలం అనుకున్నదానికన్నా బాగా చిన్నదని తేల్చారు. వాణిజ్య ప్రకటనలలో ఈ మూడింటికీ చోటు దొరకదు. కాబట్టి మందు అనకూడదు. అలాగని వట్టిది అనడానికీ లేదు. ఫిన్లాండులో 1,260 మందితో జరిగి 2015లో ప్రకటితమైన ఫింగర్ పరిశోధనలో ఆహారం, వ్యాయామం, మెదడుకు సాధన, రక్తపోటు నియంత్రణ అన్నీ కలిపి చేసినప్పుడు మేలు స్పష్టంగా కనిపించింది. ఒంటరిగా బలహీనమైన దారం పేటలో కలిస్తే బరువు మోసినట్లుగా ఉన్నది ఈ వ్యవహారం.

రిసాలి దంపతుల విషయంలో జరిగింది కూడా అటువంటి కలగలుపే. చివరకు ఆమె క్యాలెండరు తీసుకొని ఆయనతో డాక్టరు వద్దకు వెళ్ళింది. డాక్టరు కుర్రవాడు. ముందు కాగితం మీద గుండ్రం గీసి, గడియారపు అంకెలు వేసి, ముళ్ళు పదకొండు దాటి పది నిమిషాలు చూపేలా గీయమన్నాడు. ఈ పరీక్ష ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. పెద్ద ముల్లును రెండు అంకె మీద పెట్టాలి. ఆయన పది మీద పెట్టారు. పది అన్న మాట వినగానే చేయి పది అంకెకు పోయింది. ఆపవలసిన యజమాని ఆపలేదు. నాలుగు దశాబ్దాలు గడియారం ప్రకారం బ్రతికిన మనిషి ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. తప్పు ఉన్నదని తెలుస్తున్నది, ఎక్కడో తెలియడం లేదు.

థైరాయిడ్, చక్కెర, బి12, రక్తపోటు, వినికిడి, నిద్ర అన్నీ చూశారు. వృద్ధాప్యంలో మతి తడబడితే ఇవి ముందుగా చూడటం తప్పనిసరి, ఎందుకంటే వీటిలో కొన్ని సరిదిద్దగలిగినవి. బి12 తక్కువగా, రక్తపోటు ఎక్కువగా తేలాయి. రాత్రి షిఫ్టుల గురించి కూడా డాక్టరు అడిగాడు. అది అకారణం కాదు. 2014లో వెలువడిన ఒక ఫ్రెంచి పరిశోధన ప్రకారం పదేళ్ళకు మించి మారుతున్న షిఫ్టులలో పనిచేసినవారి బుద్ధిశక్తి, వయసు ఆరున్నరేళ్ళు అదనంగా మీరినట్లుగా ఉంటుంది. ఆ ఉద్యోగం మానిన అయిదేళ్ళకు గాని తేరుకోదు. ఉక్కు పట్టణాలలో ఈ సంగతి ఇంకా విస్తృతంగా తెలియవలసి ఉన్నది. "బాబూజీ, సైకిల్ ఎప్పుడు మానేశారు?" అన్నది డాక్టరు వేసిన చివరి ప్రశ్న. రిటైరైన మర్నాడు అన్నది సమాధానం.

సైకిలు మళ్ళీ ఎక్కనివ్వలేదు; ఇప్పటి ట్రాఫిక్‌లో, ఈ స్థితిలో, అది వివేకం కాదు. నడక నిర్ణయమైంది. మొదట పదిహేను నిమిషాలు, వారానికొకసారి అయిదు నిమిషాలు కలుపుకుంటూ నలభైకి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యరకపు శ్రమ ఉండాలి. 65 దాటినవారు పైపెచ్చు మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన చేయాలి. ఆ సాధన కోసం ఆయన కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడేవారు. "కొంగ జపం" అని ఆమె నవ్వేది. మే నెలలో ఆరు దాటితే రిసాలిలో ఎండ కొరడా పట్టుకుని నిలబడుతుంది కనుక అయిదింటికే బయలుదేరడం. పాత ఫస్ట్ షిఫ్టు వేళ అదే. మేల్కొలపడానికి ఎవరూ అవసరం లేకపోయింది.

ఆమె కల్పించిన పద్ధతి ఒకటి డాక్టరు చీటీలో లేదు. తిరిగివచ్చే దారిలో రెండు పనులు, కొన్నాళ్ళకు మూడు, వరుస చెప్పి పంపేది. ముందు కొత్తిమీర, ఆ తరువాత మందులషాపు, చివర పాలు. వరుస తప్పితే తిట్టేది కాదు. మర్నాడు అదే వరుస. ఒక పొరుగు మిత్రుడు తోడు వచ్చేవాడు, ఛత్తీస్‌గఢీ తప్ప మాట్లాడడు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ ఆళ్ళాడి తదితరులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దాని ప్రకారం, రెండు భాషలు మాట్లాడేవారిలో మతిమరుపు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివారిలోనూ ఇదే కనిపించింది. ఒక భాషలో విని మరో భాషలో బదులు చెప్పడం, అంటే ఒకదాన్ని ఆపి మరొకదాన్ని ఎత్తుకోవడం, నిర్వహణ శక్తికి నిత్య వ్యాయామం కావచ్చు. ఆ లెక్కన రిసాలి సంతకు మించిన వ్యాయామశాల లేదు.

ఎనిమిది నెలల తరువాత గడియారపు ముల్లు రెండు మీదకు వచ్చింది. ఆయన నడుస్తూ మాట్లాడుతున్నారు. రక్తపోటు మాత్ర పనిచేసిందా, బి12 సూదులా, నడకా, భార్య వరుసలా? విడదీసి చెప్పగల పరికరం లేదు. డాక్టరు కూడా చెప్పలేదు. రెండవసారి చూసిన బొమ్మ కనుక పరిచయం కూడా కొంత తోడ్పడి ఉండవచ్చునని మాత్రం అన్నాడు. పేర్లు ఇప్పుడు అప్పుడప్పుడు జారిపోతున్నాయి, పూర్వం అది లేదు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి మతిమరుపు జబ్బు ఉన్నదని 2023లో ప్రకటించిన అంచనా. ఆయన ఆ లెక్కలోకి ఏనాటికీ రారని ఎవరూ హామీ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

కొడుకుకు అంతా చెప్పింది ఆమే, క్యాలెండరు ఫోటోలు తీసి పంపి. అతను కోపగించాడు, ఇంతకాలం దాచినందుకు. రెండు రోజులు ఫోను చేయలేదు. ఆ తరువాత వచ్చి, నాలుగు రోజులుండి, తెల్లవారుజామున తండ్రితో నడిచాడు. నలభై నిమిషాలకు అతనికే ఆయాసం వచ్చింది. కంప్యూటరు ముందు పన్నెండేసి గంటలు కూర్చునే ఉద్యోగం. ఇల్లు తాళం వేసే విషయం ఒక ఏడాదికి వాయిదా పడింది. ఆర్నెల్లకొకసారి డాక్టరుకు చూపాలని, రోడ్డు దాటే చోట పొరుగాయన చేయి వదలకూడదని షరతులు.

పింఛను కోసం బ్రతికే ఉన్నట్టు ఏటా ఇవ్వవలసిన ధ్రువపత్రం పని ఈసారి ఆయనే స్వయంగా చేస్తానన్నారు. ఆధార్ కార్డు, పింఛను పుస్తకం, ఫోను, కళ్ళజోడు, ఈ వరుసలో సంచిలో పెట్టుకున్నారు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది, ఏమీ అనలేదు. గంటన్నరకు తిరిగి వచ్చారు. యంత్రం మీద వేలిముద్ర పడలేదట, వయసుకు చారలు అరిగిపోయాయట. రేపు మళ్ళీ రమ్మన్నారట. కొత్తిమీర మాత్రం తెచ్చారు, ఆమె చెప్పకపోయినా.